రెండో షిఫ్టు గూఢచారి

పోయిన ఆదివారం పొద్దున నేను ఇడ్లీ మీద సాంబారు పోసుకుంటూ ఉండగా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో యుద్ధం మొదలైంది. మొదలుపెట్టింది మా అక్క కూతురు. ఆ పిల్ల కోయంబత్తూరులో చదువుతోంది. చదివేదానికంటే సినిమాలు చూసేది ఎక్కువ, చూసినవాటికి మార్కులు వేసేది అంతకంటే ఎక్కువ. ఎన్నేళ్ళయినా ఆగకుండా వస్తూనే ఉండే ఇంగ్లీషు గూఢచారి సినిమాలు ఉన్నాయి కదా, ఒక నటుడు ముసలివాడు కాగానే ఇంకొకణ్ణి తెచ్చి అదే కోటులో దూర్చి నడిపించేవి! వాటిలో ఒకే ఒక్క నటుడి కాలం తీసుకుని, అతను చేసిన సినిమాలన్నిటినీ మంచిదాని నుంచి చెత్తదాని వరకు వరసలో పెట్టమంది.

అతను మా కాలపు నటుడు. నేను ఇడ్లీని అనాథను చేసి వరస రాసి పంపాను. నా ఒకటో స్థానం చూసి గ్రూపంతా నవ్వింది. బొమ్మలు పెట్టి నవ్వారు, కదిలే బొమ్మలు పెట్టి నవ్వారు, దుబాయిలో ఉన్న మా బావమరిది ప్రత్యేకంగా గొంతు రికార్డు చేసి మరీ నవ్వాడు.

"మామా, అది లోకమంతా ఒప్పుకున్న చెత్త," అంది పిల్ల. "తీసినవాళ్ళే మరిచిపోదామని చూస్తా ఉండారు. పోనీ, దాని కథేందో చెప్పు చూస్తాం."

అక్కడే దొరికిపోయాను. ఆ సినిమాకు చివరి దాకా హాల్లోనే కూర్చున్నాను, ఇంటర్వల్ దాకా కళ్ళు పీకి తెర మీద అతికించినట్టు చూశాను. ఎవడు ఎవణ్ణి ఎందుకు కొట్టాడో ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు. అయినా దానిది ఒకటో స్థానమే. ఎందుకంటే, ఆ సంగతి మా చిన్నమ్మ చెవుల దగ్గర మొదలుపెట్టి చెప్పాలి.

చెవులకంటే ముందు ఊరు. ఆ రోజుల్లో మా తమిళనాడు తెలుగువాళ్ళ ఊరు రాజపాళయంలో టైము గడియారాల్లో ఉండేది కాదు, మిల్లు సైరన్లలో ఉండేది. కోళ్ళు కూడా సైరను విన్నాకే కూసేవి. ఒకసారి మిల్లుకు సెలవిస్తే మా పక్కింటి పుంజు మధ్యాహ్నం దాకా గోడ మీద అయోమయంగా నిలబడి, చివరికి కూయకుండానే దిగిపోయింది. మంచు కురవడం చూడాలనుకునేవాళ్ళు కొండలెక్కనక్కర్లేదు, షిఫ్టు విడిచే వేళకు స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గర నిలబడితే చాలు. లోపలికి నల్లజుట్టుతో పోయిన ఆడపిల్లలంతా తలనిండా దూదితో అవ్వలై బయటికి వచ్చేవాళ్ళు. ఆ దూదికి ఒక వాసన ఉండేది. మిషను నూనె, చెమట, పొద్దున పెట్టుకుని వాడిపోయిన మల్లెపూలు, మూడూ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా అది తగిలితే నాకు ఆకలేస్తుంది. చిన్నమ్మ వచ్చిందంటే టిఫిను డబ్బాలో నాకోసం మిగిల్చిన నిమ్మకాయ అన్నం కూడా వచ్చినట్టే.

ఇంగ్లీషు సినిమాలు మా ఊరికి ఎంత ఆలస్యంగా వచ్చేవంటే, సినిమాలో కుట్ర పన్నిన దేశాలు మా ఊరికి రీళ్ళ పెట్టె చేరేలోపు రాజీపడి, పిల్లనిచ్చి పుచ్చుకునేంత స్నేహంలో ఉండేవి. వచ్చేవి కూడా వరసలో కాదు. నిరుడు ముసలివాడిగా వచ్చిన గూఢచారి ఈ యేడు పడుచువాడై వచ్చేవాడు. ఆపై యేడు మనిషే వేరు. పేరు అదే, కోటు అదే, మొహం మాత్రం కొత్తది. దీని మీద టీ కొట్లో భారీ చర్చలు జరిగేవి. వేషం మార్చాడని ఒక పక్షం. మొహానికి ఆపరేషన్ చేయించుకున్నాడని ఇంకో పక్షం. ఈ రెండో పక్షంవాళ్ళు గర్వంగా ఇంకో మాట కూడా చేర్చేవాళ్ళు: ఆపరేషన్‌కు కట్టిన గుడ్డ మన సత్రపట్టిదే అని. ఆసుపత్రి కట్టుగుడ్డలు నేసే ఊరు మాకు కూతవేటు దూరంలో ఉండగా, లోకంలో ఎవరి మొహం మారినా అందులో మాకూ వాటా ఉందనే నమ్మేవాళ్ళం.

ఈ గొడవను తేల్చింది మా అవ్వ. అమ్మకు అమ్మ. ఆమె కూడా కాలు నొప్పి పుట్టేదాకా మిల్లులో చేసిన మనిషే.

"దీనికింత పంచాయతీ ఏందిరా?" అంది, వక్క నములుతూ. "మిల్లులో ఫ్రేము ఒకటే. షిఫ్టు మారినాది, మనిషి మారినాడు. అంతేదాన్."

అంతే. ఆ రోజు నుంచి మా వీధిలో మొదటి నటుడు ఒకటో షిఫ్టాయన, తరువాతి నటుడు రెండో షిఫ్టాయన. మా పిల్ల వరస పెట్టమన్నది ఈ రెండో షిఫ్టాయన కాలాన్నే. ఆయన తల ఎప్పుడూ చెదరదు. సముద్రంలో పడేసినా పాపిడి పాపిడిలాగే తేలి వస్తుంది.

ఇక చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు, మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేముల మీద పని. ఆ హాల్లో మోత ఎలాంటిదంటే, పక్కన పిడుగు పడినా పొగ చూసి తెలుసుకోవాల్సిందే. అక్కడ గొంతు ఎవరికీ పనికిరాదు. ఆ చివర ఒకామె, ఈ చివర ఒకామె నిలబడి, శబ్దం లేకుండా పెదాలు కదిలించి మాట్లాడుకుంటారు. అలాగే నవ్వుకుంటారు, అలాగే పోట్లాడుకుంటారు. కొన్నేళ్ళకు చిన్నమ్మకు పెదాలు చదవడం పూర్తిగా వచ్చింది, చెవులు పూర్తిగా పోయాయి.

పెదాలు చదవడం అంటే మామూలు చదువు కాదు. మా మిద్దె మీద నిలబడి, రోడ్డు అవతల బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళ ఇళ్ళ గుట్టంతా చెప్పేసేది. అవ్వ మిరపకాయలు ఎండబెట్టే మిషతో పక్కన చేరేది.

"ఆ పచ్చ చీర ఏమంటా ఉండాదే?"

"మామియారు మంచంలో పడినాదంట. ఏడుస్తా చెప్తాది గానీ, కోడలికి లోపల సంతోషంగానే ఉండాది."

సినిమాల్లో గూఢచారికి అన్ని మిషన్లు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. మా చిన్నమ్మను ఒక మిద్దె మీద నిలబెడితే సరిపోయేది. ఆమెకు ఒకటే ఇబ్బంది, వెలుతురు. సాయంత్రం కరెంటు పోయిందంటే చిన్నమ్మతో మాట్లాడటానికి ముందు దీపం వెతుక్కోవాలి.

ఈ చెవుల సంగతి బయట ఎవరికీ తెలియకూడదని అవ్వ శాసనం. ఒక సంబంధం అప్పటికే దానివల్ల పోయింది. చూడవచ్చినవాళ్ళు కావాలనే వెనక నుంచి పిలిచారు. చిన్నమ్మ తిరగలేదు. వాళ్ళు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచిపోయారు.

ఆ తరువాత వచ్చిందే సత్రపట్టి సంబంధం. వాళ్ళకు కట్టుగుడ్డ నేసే పవర్‌లూమ్‌ల షెడ్డు ఉంది, అబ్బాయే మగ్గాలు చూసుకుంటాడు. చిన్నమ్మ ఈసారి ముందే అడ్డం తిరిగింది.

"చెప్పేద్దామమ్మా. దాచి ఒక ఇంటికి పోతే, నేను ఆ ఇంట్లో ఎప్పుడూ దొంగనే."

"తాళి పడినాక చెప్దాం," అంది అవ్వ. "అప్పుడు నీ చెవి కట్టుకున్న మాప్పిళ్ళ సొత్తు. ఆయన పాట్లు ఆయన పడతాడు."

చిన్నమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను ఆమె వాటా అప్పడాలు కూడా తినేసి, దుఃఖం పంచుకున్నాను.

మా వైపు పిల్లను చూడటానికి ఒక గౌరవమైన పద్ధతి ఉండేది. రెండు కుటుంబాలూ ఒకే సినిమాకు అనుకోకుండా వచ్చినట్టు వస్తాయి. నచ్చితే మాటలు కలుపుతారు. నచ్చకపోతే, మేం సినిమాకే వచ్చాం అంటే సరిపోతుంది, ఎవరి పరువూ పోదు. అవ్వకు ఇది మరీ నచ్చింది. హాల్లో సీటు వెనక నుంచి ఎవరూ పిలవరు, సినిమా నడిచేటప్పుడు ఎవరూ మాట్లాడరు అని ఆమె ధీమా. మా ఊరి హాల్లో జీవితంలో ఒక్కసారైనా కూర్చున్న మనిషికి ఆ ధీమా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒకవేళ మాట్లాడితే అని, నన్ను నియమించారు. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. చీకట్లో ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు అవును అయితే ఒక గిల్లు, కాదు అయితే రెండు గిల్లులు. ఒక గిల్లుకు ఆమె 'ఆమా' అంటుంది, రెంటికి 'లేదు' అంటుంది. జీతం ఒక కలరు సోడా సీసా, ఒక మురుకు.

చూడాలనుకున్నది అమ్మవారి సినిమా. ఆకాశంలోంచి పూలు పడతాయి, ఆడవాళ్ళు దండం పెడతారు, పెళ్ళి మాటలకు అంతకంటే మంచి చోటు లేదు. కానీ ఆ శుక్రవారం హాలువాళ్ళు సినిమా మార్చేశారు. మేం పోయేసరికి అమ్మవారు ఉండాల్సిన చోట మూడంతస్తుల ఎత్తున రెండో షిఫ్టాయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో గుడ్డలు పొదుపుగా కట్టుకున్న ఒక దొరసాని. సత్రపట్టివాళ్ళు అప్పటికే ఆ పోస్టరు కింద నిలబడి, అటు తప్ప అన్నివైపులా చూస్తున్నారు.

తిరిగిపోదామంటే అపశకునం. లోపలికి పోదామంటే ఆ దొరసాని. పెద్దవాళ్ళు కళ్ళతోనే సంప్రదించుకున్నారు.

"వచ్చినది వచ్చినాం," అంది అబ్బాయి తల్లి. ఆమెను మేం సత్రపట్టి అమ్మ అనేవాళ్ళం. "కళ్ళు మూసుకుని చూస్తాం, వదినా."

ఆడవాళ్ళ వైపు వరసలో సత్రపట్టి అమ్మ, ఆమె పక్కన చిన్నమ్మ, చిన్నమ్మ పక్కన నేను, నా పక్కన అవ్వ. నడవకు అవతల, మగవాళ్ళ వైపు మొదటి సీట్లో అబ్బాయి. ఫినాయిలు, బీడీపొగ, వేయించిన వేరుశనగ కలిసిన చీకటి. దీపాలు ఆరగానే చిన్నమ్మ తన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.

తెర మీద దొరసాని వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ళ వరసంతా ఒక్కసారిగా కిందికి వంగి, పడిపోని వస్తువుల కోసం వెతికేది. మగవాళ్ళ వైపు దగ్గులు మొదలయ్యేవి. ముద్దు పెట్టుకున్నప్పుడు వచ్చిన దగ్గులకు హాలు పైకప్పు నుంచి పావురాలు లేచాయి. నేను మాత్రం వంగలేదు, దగ్గలేదు. నాకు ఉద్యోగం ఉంది కదా.

రెండో షిఫ్టాయన రెండు మేడల మధ్య ఒక తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. సరిగ్గా అప్పుడు సత్రపట్టి అమ్మ వంగి అడిగింది.

"వంటెల్లాం వచ్చునా నీకు?"

నేను ఒక గిల్లు గిల్లాను. అంతలో దుర్మార్గుడొకడు కత్తితో తాడు కోయడం మొదలుపెట్టాడు. నా వేళ్ళు నా మాట వినకుండా ఇంకోసారి గిల్లేశాయి.

"లేదు," అంది చిన్నమ్మ, తీయగా.

సత్రపట్టి అమ్మ ఇంకొంచెం దగ్గరికి వంగింది. "కోపం గీపం వస్తాదా?"

దీనికి రెండు గిల్లులు. మొదటిది గిల్లాను. తాడు తెగింది. రెండోది గిల్లాల్సిన మనిషిని నేను ఆ తాడుతో పాటు కింద పడిపోతున్నాను.

"ఆమా," అంది చిన్నమ్మ, నవ్వుతూ.

నా పక్కన అవ్వ నోట్లో వక్క నమలడం ఆగిపోయింది.

"అట్లనా," అంది సత్రపట్టి అమ్మ. తరువాత గొంతు బాగా తగ్గించి అడిగింది. "మా వాడు నచ్చినాడా నీకు?"

ఆ సమయంలో దేవతలు కూడా కొట్టుకోకూడదు. కానీ రెండో షిఫ్టాయన కొట్టుకున్నాడు. ఒక్కడే, ఊరంత మందితో. అతను వేసిన ప్రతి గుద్దూ నేను చిన్నమ్మ చేతి మీద వేశాను, గిల్లానో, పిసికానో, పరోటా పిండిలా కొట్టానో నాకే తెలియదు.

"ఆమా," అంది చిన్నమ్మ. "లేదు. ఆమా. లేదు. ఆమా... ఆమా... లేదు."

తరువాత నా నెత్తి మీద ఒక మొట్టికాయ పడింది. ఆ శబ్దం సినిమాలోదనుకుని ముందు వరసలో ఎవరో ఈల వేశారు.

ఇంటర్వల్. దీపాలు వెలిగాయి. చిన్నమ్మ ముందు నన్ను చూసింది, తరువాత సత్రపట్టి అమ్మ మొహం చూసింది, చివరికి అవ్వ మొహం చూసింది. ఏం జరిగిందో తెలియకపోయినా ఏదో కూలిపోయిందని ఆమెకు తెలిసింది. చుట్టూ కలరు సీసాల మూతలు టప్పుమంటున్నాయి, మురుకులవాళ్ళు అరుస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. మిల్లు హాలుకంటే కొంచెమే తక్కువ మోత.

అప్పుడు చిన్నమ్మ నడవకు అవతల నిలబడి ఉన్న అబ్బాయి వైపు తిరిగింది. చేతులు ఒడిలోనే ఉన్నాయి, తల కదల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి. శబ్దం లేదు. మిల్లు మాట! పొట్లం లోంచి వేరుశనగ తింటున్న అబ్బాయి నమలడం ఆపాడు. పవర్‌లూమ్‌ల మధ్య పెరిగినవాడు కదా, అక్కడా మోత అంతే. అతను ఆమెను ఒక్క క్షణం చూశాడు. తరువాత అతని పెదాలు కూడా కదిలాయి, నెమ్మదిగా, శబ్దం లేకుండా.

చిన్నమ్మ నవ్వింది. మామూలు నవ్వు కాదు. తన నవ్వు తనకు వినపడని మనిషి నవ్వు, హాలంతా తిరిగి చూసింది.

"అయిపోయినాది," అంది అవ్వ, కళ్ళు మూసుకుని. "ఇంక యెవరు కట్టుకుంటారు దీన్ని!"

నేను చిన్నమ్మ గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "ఏమన్నాడు? ఆయన ఏమన్నాడు?"

"నీ కలరు నువ్వు తాగు పో," అంది.

సినిమా రెండో సగంలో ఏం జరిగిందో నాకు అసలు గుర్తులేదు. రెండో షిఫ్టాయన లోకాన్ని కాపాడే ఉంటాడు, దానికే కదా ఆయనకు జీతం. నేను మాత్రం ఒకసారి చిన్నమ్మ పెదాలు, ఒకసారి అబ్బాయి తల వెనకభాగం చూస్తూ కూర్చున్నాను. ఇంటికి పోయాక అవ్వ నా చెవి పట్టుకుని మెలితిప్పిన తిప్పుకు అది ఇప్పటికీ రెండో చెవికంటే ఒక అంగుళం పొడవుంటుంది.

మరునాడు సత్రపట్టి అమ్మ ఒక్కతే వచ్చింది. అవ్వ గబగబా కాఫీ కలిపి తెచ్చింది.

"ఎన్నో పిల్లలను చూసినాను వదినా," అంది ఆమె. "అందరూ అన్నీ వచ్చునన్నోళ్ళే. మీ పిల్ల వంట రాదన్నాది. కోపం వస్తాదన్నాది. నా కొడుకు నచ్చినాడా అంటే ఆమా, లేదు, ఆమా, లేదు అని ఎంత యోచన చేసినాది! నాకు తల తిరిగి పోయినాది. ఇంటికి పోతూనే మా వాడు చెప్పినాడు, చెవి సంగతి. ఇంటర్వల్‌లో పిల్లే చెప్పేసినాదంట."

"ఇంటర్వల్‌లోనా!" అంది అవ్వ. "నేను పక్కనే ఉంటినే! నోరు తెరవలేదే!"

"మీరు దాచినారు, పిల్ల దాచలేదు. నాకు పిల్ల చాలు." కాఫీ ఒక గుక్క తాగి, "మీరు వద్దు," అంది.

అవ్వ ఆమె గ్లాసులో ఇంకా కొంచెం కాఫీ పోసింది. తలుపు పక్కన నిలబడి పెదాలు చదువుతున్న చిన్నమ్మ, లోపలికి పోయి, నాకు కనపడకుండా కళ్ళు తుడుచుకుంది. నాకు కనపడింది. నేను కూడా ఆ గూఢచారుల ఇంటి పిల్లవాణ్ణే కదా.

అబ్బాయి ఏమన్నాడన్నది మాత్రం తేలలేదు. అది నన్ను ఎంత వేధించిందంటే, స్కూల్లో పరీక్ష పేపరు చూసినా నాకు ఆ పెదాలే కనపడేవి. నా మార్కులు తగ్గడానికి అదే కారణమని ఇప్పటికీ నమ్ముతున్నాను. పెళ్ళిలో అడిగాను, చెప్పలేదు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళలో అడిగాను, ఒక్కోసారి ఒక్కో జవాబు.

గ్రూపులో అవమానం జరిగిన సాయంత్రం బండి తీసుకుని సత్రపట్టి పోయాను. ఆ ఇల్లు ఒక వింత. చిన్నాయన చెవులు కూడా మగ్గాలు తినేశాయి. టీవీ వెలుగుతూ ఉంటుంది, శబ్దం మాత్రం ఉండదు. ఇద్దరూ సోఫా రెండు చివర్లలో కూర్చుని, వార్తలు చదివే ఆమె పెదాలు చూసి, ఆమె ఏం దాస్తోందో కూడా చెప్పుకుంటారు.

నేను ఎదురుగా నిలబడి, మా అక్క కూతురు ఎగతాళికి గ్రూపులో పంపిన ఆ సినిమా ముక్కను ఫోనులో చూపించాను. తాడు, మేడలు, చెదరని పాపిడి.

"యీడు మన రెండో షిఫ్టాయనగదా!" అంది చిన్నమ్మ. చేతి వెనకభాగం రుద్దుకుంది. "పాపి, ఎంత గిల్లినావురా!"

"ఇది ఈయన సినిమాల్లో అన్నిటికంటే చెత్తంట చిన్నమ్మా. నేను ఒకటో స్థానం ఇచ్చినానని నవ్వుతా ఉండారు. ఇప్పుడైనా చెప్పు, ఆయన ఏమన్నాడు?"

"నేనా?" అన్నాడు చిన్నాయన, నా పెదాలు చదివి. "వేరుశనక్కాయ తింటావా అని అడిగినాను."

"పొయ్!" అంది చిన్నమ్మ. నా వైపు తిరిగింది. "నాకు చెవి వినపడదు, మావాళ్ళు దాస్తా ఉండారు అన్నాను నేను. దానికి ఈయన, నాకు బాగా వినపడతాది, అయినా ఈ సినిమా నాకు మట్టుకు ఏం అర్థమైనాది అన్నాడు."

చిన్నాయన ఒప్పుకోలేదు. గొంతు వదిలేసి పెదాలతో వాదన మొదలుపెట్టాడు. ఆమె కూడా పెదాలతోనే జవాబిచ్చింది. సోఫా ఆ చివర నుంచి ఈ చివరకు మాటలు నిశ్శబ్దంగా పోతున్నాయి, వస్తున్నాయి. ఆయన ఏదో అన్నాడు, ఆమె నవ్వింది, అదే నవ్వు. నేను మధ్యలో కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాను. ఆనాటిలాగే ఒక్క ముక్క అర్థం కాలేదు.

కాబట్టి నా వరస మారదు. రెండో షిఫ్టాయన కాలంలో ఒకటో స్థానం ఆ సినిమాదే, మిగతావి మీరు ఎలా పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఎవరికైనా అనుమానముంటే సత్రపట్టి పోయి అడగవచ్చు. కాకపోతే వెనక నుంచి పిలవకండి. ఎదురుగా, వెలుతురులో నిలబడి అడగండి.